సన్నకాళ్ల బల్ల మన ఇంట్లో నిలబడుతుందా?

డెన్మార్క్, స్వీడన్ తరహా సాదా చెక్క డైనింగ్ టేబుళ్ల గురించి కిందటి సంచికలో నాలుగు మాటలు రాశాను. చెక్కడాలు లేని పలుచటి టాప్, కిందికి సన్నబడే నాలుగు కాళ్లు, చెక్క రంగు చెక్కకే వదిలేయడం, ఇదీ వాటి తీరు అని చెప్పాను. దాని మీదే చాలా ఉత్తరాలు వచ్చాయి. కరకంబాడి రోడ్డులోని నా వర్క్‌షాపుకి వచ్చేవాళ్లు కూడా ఇవే అడుగుతున్నారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం డైనింగ్ టేబుల్‌కే ఇస్తున్నాను.

ప్రశ్న: తిరుపతి పద్మావతీపురంలో కొత్త ఫ్లాట్‌లోకి మారాం. ఫోన్‌లో చూసిన ఒక డెన్మార్క్ బల్ల ఫొటోను మా కార్పెంటర్‌కి చూపిస్తే, "ఇంత సన్న కాళ్లు ఆగవమ్మా, మూడంగుళాల కాలు వేద్దాం" అంటున్నాడు. నిజమేనా? ఎత్తు ఎంత ఉండాలి? మా అత్తగారిది కింద కూర్చుని తినే అలవాటు. మోకాళ్ల నొప్పులతో ఇప్పుడు కుర్చీ తప్పడం లేదు. ఆవిడకీ వీలుగా ఉండాలి.
— గృహిణి, తిరుపతి

జవాబు: మీ కార్పెంటర్ అనుభవంతో చెప్పిన మాట అది, కొట్టిపారేయకండి. మన దగ్గర చాలా బల్లలకు కాలిని నేరుగా టాప్ కిందికి ఇనుప క్లాంపుతో, నాలుగు స్క్రూలతో బిగిస్తారు. అలా బిగించిన సన్నకాలు ఏడాది తిరక్కముందే ఊగుతుంది. మూడంగుళాల కాలు వేసినా ఊగుతుంది, కాకపోతే కొంచెం ఆలస్యంగా. చూడాల్సిన బలమంతా కాలికీ పై చట్రానికీ మధ్య ఉన్న జాయింటులో ఉంది.

బల్లను ఎవరో పక్కకి నెట్టారనుకోండి. ఆ తోపుకి ఎక్కువ ఒత్తిడి పడేది కాలి పై చివరన, జాయింటు దగ్గర. నేలను తాకే చివర మీద దాదాపు బరువు మాత్రమే పడుతుంది. అందుకే ఆ బల్లల కాళ్లు పైన లావుగా మొదలై కిందికి సన్నబడతాయి. చూడటానికి సోకులా కనిపించే ఆ వాలు, బలం అవసరమైన చోట చెక్క ఉంచి అవసరం లేని చోట తీసేయడం వల్ల వచ్చింది. ఆరుగురి బల్లకు నేను వేసే కొలతలు చెబుతాను. కాలు పైన రెండంగుళాల చదరం, కింద అంగుళంపావు. వాలు లోపలి రెండు ముఖాలకే తీయాలి, బయటి ముఖాలు నిటారుగా ఉండాలి. కాళ్లను కలిపే పట్టీ మూడంగుళాల వెడల్పు. పట్టీ చివర నాలుకలా పొడుచుకొచ్చే కుసి చెక్కి, కాలిలో దానికి సరిపడే బెజ్జం తొలిచి, జిగురు పెట్టి కూర్చాలి. కుసి కనీసం అంగుళం పైనే లోపలికి వెళ్లాలి. లోపలి మూలల్లో అడ్డంగా ఒక చెక్క ముక్క పడితే ఇంకా గట్టి. ఇదేమీ విదేశీ విద్య కాదు. మన పాత తలుపులూ మంచాలూ నిలబడింది కుసుల మీదే. "తలుపు చట్రానికి వేసే కుసే ఇక్కడా వెయ్యన్నా, కాళ్లు సన్నగానే ఉండనీ" అని అడగండి. ఆయనకు వచ్చిన పనే కాబట్టి ఒప్పుకుంటాడు.

ఇక ఎత్తు. డెన్మార్క్ ఫర్నిచర్ వెనకాల కోరె క్లింట్ అనే గొప్ప మాస్టారు ఉన్నాడు. 1924లో కోపెన్‌హాగెన్ రాయల్ అకాడమీలో ఫర్నిచర్ చదువును మొదలుపెట్టింది ఆయనే. బొమ్మ గీయడానికి ముందు ఆయన శిష్యులు టేపు పట్టుకునేవాళ్లు. మనిషి కూర్చుంటే మోకాలు ఎక్కడికి వస్తుంది, చెయ్యి ఎంత దూరం అందుతుంది, ఇంట్లో ఎన్ని పళ్లాలు ఉంటాయి, గిన్నె వెడల్పెంత, ఇవన్నీ కొలిచి ఆ లెక్కల్లోంచి బల్లనూ బీరువానూ గీసేవాళ్లు. ఆ దేశాల నుంచి మనం తెచ్చుకోవాల్సింది ఈ పద్ధతి అని నా గట్టి నమ్మకం. అంకెలు మాత్రం మన ఇంట్లోనే తీసుకోవాలి.

వాళ్ల బల్లలు మామూలుగా 72 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. పొడుగు మనుషులు, ఫోర్కూ చాకూ పట్టి తినేవాళ్లు, వాళ్లకి అది సరి. మనం కంచంలో పప్పన్నం కలిపి ముద్ద చేసుకుంటాం. సంగటి తుంచి పులుసులో అద్దుకుంటాం. మోచేయి పైకి లేచి ఉంటే ఈ పని చేయలేం, పెద్దవాళ్లకైతే భుజం లాగేస్తుంది. మీ అత్తగారిని అరికాళ్లు పూర్తిగా నేలకు ఆనే కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి కిందికి వదిలి మోచేయి వంచమనండి. నేల నుంచి మోచేతి దాకా కొలవండి. బల్ల పైభాగం అంతకంటే రెండు మూడు అంగుళాలకు మించి ఎత్తు ఉండకూడదు. నేను చేసిన బల్లల్లో ఎక్కువ భాగం ఇలా కొలిస్తే 71, 72 దగ్గరే తేలాయి. 72 అనుకుంటే అందులో టాప్ రెండున్నర, పట్టీ ఏడున్నర పోగా కింద 62 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. కుర్చీ సీటు 43 దగ్గర ఉంటే తొడలకు బాగానే చోటుంటుంది.

ఇంకో సంగతి ఏ ఫొటోలోనూ కనిపించదు. జీవితమంతా కింద కూర్చుని తిన్నవాళ్లు కుర్చీలో కూడా ఒక కాలు మడిచి పెట్టుకుంటారు, కొందరు పూర్తిగా మఠం వేసుకుంటారు. అప్పుడు మోకాలు పట్టీకి కొట్టుకుంటుంది. అందుకని పొడవు వైపు పట్టీని టాప్ అంచుకు దగ్గరగా పెట్టకుండా నాలుగైదు అంగుళాలు లోపలికి జరపమనండి. టాప్ అంత మేరకు బయటికి చాచి ఉంటుంది, మోకాలికి చోటు దొరుకుతుంది, బల్ల కూడా తేలిగ్గా కనిపిస్తుంది. ఆవిడ కుర్చీ చేతుల్లేనిది, సీటు 50 సెంటీమీటర్ల వెడల్పుది చూడండి.

మనిషికి 60 సెంటీమీటర్ల అంచు కావాలి. ఆరుగురికి ఆరడుగుల పొడవు సరిపోతుంది. వెడల్పు మాత్రం మూడడుగులకు తగ్గించకండి. అన్నం గిన్నె, పప్పు, పులుసు, పెరుగు, పచ్చడి అన్నీ మధ్యలోకి రావాలి కదా. కుర్చీల వెనక మనిషి నడవడానికి గోడ దాకా మూడడుగులు వదలండి.

ప్రశ్న: ఆ బల్లలు ఓక్ చెక్కతో చేస్తారట. చిత్తూరులో ఓక్ ఎక్కడ దొరుకుతుంది? టేకుతో చేయిస్తే ఆ అందం వస్తుందా? మా ఊళ్లో మామిడి చెక్క చవకగా ఇస్తామంటున్నారు.
— బ్యాంకు ఉద్యోగి, చిత్తూరు

జవాబు: టేకుతో నిశ్చింతగా చేయించండి. ఓక్, బీచ్, బిర్చ్, ఆష్, పైన్ చెట్లు అక్కడి అడవుల్లో పెరుగుతాయి కాబట్టి వాళ్లు వాటిని వాడారు. కానీ 1950, 60లలో డెన్మార్క్‌కు ప్రపంచమంతా పేరు తెచ్చిన ఫర్నిచర్‌లో చాలా భాగం టేకే. థాయ్‌లాండ్ లాంటి చోట్ల నుంచి ఓడల్లో దిగుమతి చేసుకుని, నూనె రుద్దిన ఆ బంగారు గోధుమ రంగు బల్లల్ని అమెరికా దాకా అమ్మారు. ఇప్పటికీ పాత డానిష్ బల్ల అంటే సేకరించేవాళ్ల కళ్ల ముందు మెదిలేది టేకు రంగే. మన చెక్కతో చేస్తే అసలైనది కాదన్న బెంగ మీకు అక్కర్లేదు.

టేకులో సహజంగానే నూనె ఉంటుంది. చెదలకూ తేమకూ తట్టుకునేది అందువల్లే. జిగురు సరిగ్గా పట్టకపోవడానికీ కారణం ఆ నూనే. అతికించే ముందు ఆ ముఖాల్ని థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరగానే జిగురు పెట్టమనండి. కొత్తగా చిత్రిక పట్టిన టేకు మీద పచ్చగా, నల్లగా చారలు కనిపిస్తే కంగారు పడకండి. వెలుతురు తగిలే కొద్దీ రంగు సర్దుకుంటుంది.

నన్నడిగితే అన్నిటికన్నా మంచిది పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే టేకు. చిత్తూరు, పుంగనూరు వైపు పాత మిద్దెల దూలాలు, ద్వారబంధాలు ఇంకా దొరుకుతున్నాయి. అన్నేళ్లు ఆరిన చెక్క అంత సులువుగా మెలితిరగదు. లోపల మేకులుంటే మిషన్ బ్లేడు పోతుంది కాబట్టి కోతకు ముందే వెతికి పీకించండి.

మామిడి విషయంలో నిక్కచ్చిగా ఉండండి. చూడటానికి బాగుంటుంది, పని చేయడం తేలిక. కానీ పురుగు ఇష్టంగా తింటుంది. బోరాక్స్, బోరిక్ యాసిడ్ మందు పట్టించి, కిల్న్‌లో, అంటే వేడిగాలి గదిలో ఆరబెట్టిన చెక్క అయితేనే తీసుకోండి. తోటలో కొట్టి నాలుగు నెలలు షెడ్డులో పడేసింది చవకగా ఇచ్చినా వద్దు. కొన్నాళ్లకు బల్ల కింద సన్నటి పిండి రాలుతుంది, అప్పుడు చేయగలిగింది తక్కువ. వేప గట్టిదే కానీ పీచు అడ్డదిడ్డంగా ఉంటుంది, వెడల్పు టాప్‌కు నేను వాడను. లేత రంగే కావాలంటే రబ్బర్‌వుడ్ ఉంది. మందు పట్టించి అతికించిన పలకలుగా వస్తుంది, తడి లేని చోట బాగా పనికొస్తుంది.

ప్రశ్న: మా బంధువుల పొలంలో ఎర్రచందనం చెట్లున్నాయి. ఒకటి కొట్టించి డైనింగ్ టేబుల్ చేయించుకోవచ్చా?
— పాఠకుడు, భాకరాపేట

జవాబు: ఆ ఆలోచన మానుకోండి. సొంత పొలంలో చెట్టయినా అటవీశాఖ అనుమతి లేకుండా కొట్టడం, తరలించడం నేరం. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు అది. దాన్ని కంచాల కింద వేసే పలకగా కొయ్యడానికి నాకు మనసొప్పదు.

ప్రశ్న: స్వీడన్, డెన్మార్క్ వాళ్లు బల్లను సబ్బుతో పాలిష్ చేస్తారని చదివాను. మన ఇళ్లలో పసుపు, చింతపండు పులుసు, వేడి కుక్కర్, తడి గ్లాసులు ఉంటాయి కదా. మెరుపు లేని ఆ చెక్క అందం ఉంచుకుంటూనే మరకలు పడకుండా ఏం చేయాలి?
— టీచర్, శ్రీకాళహస్తి

జవాబు: మీరు చదివింది నిజమే. సబ్బు తురుమును వేడినీళ్లలో కరిగించి, చల్లారాక గుడ్డతో చెక్కకు రుద్ది, ఆరాక మళ్లీ రుద్దుతారు. ఓక్, బీచ్, ఆష్ లాంటి లేత చెక్క నూనె తగిలితే పసుపెక్కుతుంది. సబ్బు పూస్తే ఆ తెల్లదనం నిలబడుతుంది, పలక ముట్టుకుంటే మెత్తగా ఉంటుంది. కాకపోతే అది చాలా పలుచటి రక్షణ. మాటిమాటికీ మళ్లీ పూసుకుంటూ ఉండాలి. సాంబారు చుక్క పడి పావుగంట ఆగితే ఆ మరక లోపలికి దిగిపోతుంది. రోజుకు మూడు పూటలా పసుపు వాడే ఇంటికి సబ్బు పనికిరాదు.

మీకు రెండు దారులున్నాయి. టేకు అయితే నూనె నా మొదటి ఎంపిక. పెయింట్ షాపుల్లో బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అని దొరుకుతుంది, అవిసె నూనెలో ఆరడానికి మందు కలిపినది. సన్నటి గరుకు కాగితంతో పీచు వెంబడి రుద్ది, దుమ్ము తుడిచి, నూనె పలుచగా పూయాలి. పావుగంటకి పైన మిగిలిందంతా గుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే బంకలా మిగిలిపోతుంది. ఒక రోజు ఆరనిచ్చి మళ్లీ, ఇంకో రోజు ఆగి మళ్లీ, ఇలా మూడు పూతలు. వాసన పూర్తిగా పోయేదాకా కొన్ని వారాలు ఆగి వాడకం మొదలుపెట్టండి. తర్వాత ఏడాదికోసారి ఒక్క పూత చాలు. గీత పడినా మరక పడినా అక్కడి వరకే రుద్ది నూనె పెట్టుకోవచ్చు, టాప్ మొత్తం గీకించక్కర్లేదు. ఈ సుఖం వేరే ఏ పాలిష్‌లోనూ లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఈ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండగా చుట్టి మూల పడేయకూడదు. నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ముద్దగా ఉన్న గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల లేకుండానే మంట అంటుకుంటుంది. మన మే నెల ఎండల్లో మరీ ప్రమాదం. వాడిన గుడ్డల్ని వెంటనే నీళ్ల బకెట్‌లో వేయండి, లేదా ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి ఆరనివ్వండి.

ఇంట్లో చిన్నపిల్లలుండి తుడిచే ఓపిక లేకపోతే మ్యాట్ పీయూ పాలిష్, అంటే మెరుపు లేని పాలీయురేథేన్ పూత వేయించండి. "గ్లాస్ ఫినిష్ వద్దు, డెడ్ మ్యాట్ కావాలి" అని గట్టిగా చెప్పాలి, లేదంటే అలవాటుకొద్దీ అద్దంలా మెరిపిస్తారు. మరకలు ఆపడంలో దీనికి సాటి లేదు. ఒకసారి గీతలు పడితే మాత్రం మొత్తం తీసి మళ్లీ కొట్టించాల్సిందే.

పసుపు మరక పడితే బ్లీచింగ్ జోలికి పోకండి. సబ్బు నీళ్లతో తుడిచి, బల్లను కిటికీ దగ్గరికి జరపండి. ఎండ తగిలితే పసుపు రంగు దానంతటదే వెలిసిపోతుంది. వేడి గిన్నెకు మా అమ్మమ్మ వాడిన కుదురే ఇప్పటికీ సరైన మందు, ఆరేడు కుదుళ్లు బల్ల మీదే ఉంచుకోండి. తడి ఇనుప బాండలిని మాత్రం ఏ చెక్క మీదా పెట్టొద్దు. ఇనుమూ, తడీ, చెక్కలోని వగరూ కలిస్తే సిరా లాంటి నల్లమచ్చ పడుతుంది. ఓక్‌కు ఈ బాధ ఎక్కువ. పడ్డాక ఆక్సాలిక్ యాసిడ్‌తో పాలిష్ మేస్త్రీ తీయగలడు.

ప్రశ్న: నిరుడు దీపావళికి టేకు టాప్‌తో బల్ల చేయించాం. ఏప్రిల్‌లో టాప్ మధ్యన బారుగా పగిలింది. చెక్క మంచిది కాదని మా ఇంట్లో కార్పెంటర్‌తో గొడవ. ఎవరిది తప్పు?
— రిటైర్డ్ ఉద్యోగి, పలమనేరు

జవాబు: చెక్క మంచిదే అయ్యుండొచ్చు అయ్యా. బల్లను తిరగేసి చూడండి. టాప్‌ను చట్రానికి చుట్టూ స్క్రూలతో, బహుశా జిగురుతో కూడా, కదలకుండా బిగించి ఉంటారు.

చెక్క చచ్చిపోయాక కూడా ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది. వానాకాలం తేమ పీల్చుకుని వెడల్పు అవుతుంది, ఎండాకాలం ఆరి కుంచించుకుపోతుంది. పొడవులో తేడా దాదాపు ఉండదు, అడ్డంగానే ఉంటుంది. ఈ విషయంలో టేకు చాలా నెమ్మదైన చెక్క. పచ్చిది పూర్తిగా ఆరేసరికి అడ్డంగా 6 శాతం లోపే తగ్గుతుంది. తెల్ల ఓక్ 10 శాతం దాటుతుంది, బీచ్ 12 శాతం దాకా పోతుంది. అయినా మూడడుగుల వెడల్పు టేకు టాప్ మన వానలకూ ఎండలకూ మధ్య మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లు కదలడం మామూలే. మీ బల్ల తయారైంది ఈశాన్య రుతుపవనాల వానల్లో. అప్పుడు ఉబ్బి ఉన్న పలకను చట్రానికి కట్టేశారు. ఏప్రిల్ ఎండకి అది కుంచించుకోవాలని చూసింది, స్క్రూలు కదలనివ్వలేదు. దారి లేక మధ్యలో చీలింది.

డెన్మార్క్ బల్లల్లో నాకు అన్నిటికన్నా నచ్చే పని పైకి కనిపించదు. పట్టీ లోపలివైపు పొడవునా ఒక గాడి ఉంటుంది. నాలుక ఉన్న చిన్న చిన్న చెక్క బిళ్లల్ని టాప్‌కు స్క్రూ చేసి, ఆ నాలుకల్ని గాడిలోకి దూరుస్తారు. టాప్ పైకి లేవదు, పక్కలకు మాత్రం జరగగలదు. అంత ఓపిక లేకపోతే చట్రంలో స్క్రూ రంధ్రాన్ని అడ్డం దిశలో కోలగా సాగదీసి, స్క్రూ తల కింద వాషర్ వేసినా సరిపోతుంది.

మీ బల్లకి ఇప్పుడు చేయాల్సింది: స్క్రూలన్నీ విప్పించి రంధ్రాలు కోలగా చేయించండి. జిగురు ఉంటే జాగ్రత్తగా విడదీయించండి. స్క్రూలు వదులు కాగానే సగం పగులు దానంతటదే మూసుకోవచ్చు. అప్పుడు జిగురు ఎక్కించి క్లాంపులతో దగ్గరికి లాగాలి. ఇంకా సందు మిగిలితే అదే టేకులోంచి సన్నటి ఈన చీల్చి దించాలి. పుట్టీతో నింపి పాలిష్ కొట్టడానికి ఒప్పుకోకండి, వచ్చే ఎండాకాలం దాని పక్కనే మళ్లీ గీత వస్తుంది. ఇక మీ కార్పెంటర్‌తో గొడవ వద్దు. ఈ జవాబు ఆయనకే చూపించి, మరమ్మతు ఆయన చేతే చేయించండి.

ప్రశ్న: ఎం.ఆర్.పల్లిలో చిన్న అద్దె ఇల్లు మాది. ఇద్దరమే. కానీ బ్రహ్మోత్సవాలప్పుడు, వేసవి సెలవుల్లో దర్శనానికి చుట్టాలు దిగుతారు. ఆన్‌లైన్‌లో స్కాండినేవియన్ అని రకరకాల మడత బల్లలు చూపిస్తున్నాడు. కొనొచ్చా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, తిరుపతి

జవాబు: మడత బల్ల మీకు సరైన ఆలోచనే అమ్మా. స్వీడన్‌కు చెందిన బ్రూనో మాట్‌సన్ 1930లలోనే ఇలాంటిది గీశాడు. రెండు పక్కల రెక్కలు దించితే జానెడు వెడల్పున గోడకు ఆనుకుని ఉంటుంది, రెండూ లేపితే ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు. మీ ఇంటికి ఒక రెక్క ఎప్పుడూ లేచి ఉండి, రెండోది చుట్టాలకు అన్నట్టు ఉంటే చాలు. చివర్లలోంచి పలకలు బయటికి లాగే రకం ఇంకా గట్టిగా ఉంటుంది, కానీ కార్పెంటర్‌కి పని ఎక్కువ, ఖర్చూ ఎక్కువ.

ఆన్‌లైన్ ఫొటోలో టాప్ చూడకండి, కింది భాగం ఫొటో ఉందేమో వెతకండి. ఏ చెక్కో రాయకుండా "ప్రీమియం వుడ్" అని మాత్రమే రాస్తే వదిలేయండి. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డ్ అయితే నీళ్లు దిగిన అంచు ఉబ్బుతుంది, మళ్లీ సరికాదు. కాళ్లు విడిగా రావడం లోపమేమీ కాదు. ఐకియాలో 1956 ప్రాంతంలో ఒక చిన్న బల్ల కారులో పట్టక కాళ్లు విప్పి సర్దారట. విడి భాగాలుగా ప్యాక్ చేసి అమ్మే వ్యాపారం అక్కడ పెరగడానికి ఆ సంగతినే మూలంగా చెబుతారు. అయితే విప్పే కాలికి చెక్కలోకి నేరుగా దిగే స్క్రూ కాకుండా, లోహపు మరలో తిరిగే బోల్టు ఉండాలి. అద్దె ఇళ్లు మారినప్పుడల్లా విప్పి బిగించేది అదే కదా. హైదరాబాద్‌కి ఎలాగూ పోతుంటారు కాబట్టి 2018లో అక్కడ తెరిచిన ఐకియాకి వెళ్లి, ఒక బల్ల కింద వంగి చూడండి, మూలలు పట్టుకుని ఊపండి. కొనకపోయినా ఏం అడగాలో తెలుస్తుంది.

ప్రశ్న: మాది మాధవమాల. మా ఇంట్లో అందరిదీ దేవుడి బొమ్మలు చెక్కే పని. ఈ మధ్య బెంగళూరు, చెన్నై నుంచి వచ్చేవాళ్లు చెక్కడాలు లేని సాదా బల్లలు చేసిస్తారా అని అడుగుతున్నారు. చెక్కడమే లేకపోతే మా పనితనం ఎక్కడ కనిపిస్తుంది? కూలీ ఏమని అడగాలి?
— శిల్పి, మాధవమాల

జవాబు: ఇన్ని ఉత్తరాల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీదే అన్నా. మాధవమాల చేతుల్లో ఉన్న విద్య చూసినదాన్ని కాబట్టి మీరు ఈ పనిలోకి రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

డెన్మార్క్‌లో ఈ ఫర్నిచర్ గొప్పదైంది వడ్రంగుల వల్లే. 1927 నుంచి 1966 దాకా కోపెన్‌హాగెన్ వడ్రంగుల సంఘం ఏటా ప్రదర్శన పెట్టింది. బొమ్మ గీసే ఆర్కిటెక్టూ, చెక్క తెలిసిన మేస్త్రీ జతగా కూర్చుని ఆ ప్రదర్శనకు కొత్త వస్తువులు చేసేవాళ్లు. అందులో పేరు తెచ్చుకున్న హాన్స్ వెగ్నర్ చెప్పులు కుట్టే ఆయన కొడుకు. పద్నాలుగేళ్లకే వడ్రంగి దగ్గర పనికి కుదిరాడు. ఆయన 1949లో గీసిన వై ఆకారపు వీపు కుర్చీ 1950 నుంచి ఇప్పటికీ తయారవుతూనే ఉంది. దాని సీటుకు సుమారు 120 మీటర్ల కాగితపు తాడు చేత్తో అల్లుతారు. ఆ కుర్చీ మీద ఒక్క పువ్వు లేదు, ఒక్క లత లేదు. ఉన్నదంతా వంపే. విగ్రహం చెంప నుంచి మెడకు దిగే చోట మీరు ఉలి ఎలా ఆపుతారో, అలాంటి కన్నూ చెయ్యీ ఉన్నవాళ్లకే ఆ వంపు వస్తుంది.

సాదా బల్లలో పనితనం ముందుగా చెక్క ఎంపికలో తెలుస్తుంది. నాలుగు కాళ్లూ ఒకే దుంగలోంచి తీసి, పీచు నిటారుగా కాలి పొడవునా పరిగెత్తేలా చూడాలి. పీచు ఏటవాలుగా బయటికి తేలితే సన్నకాలు అక్కడే విరుగుతుంది. టాప్ పలకలు అతికించేటప్పుడు చెక్కలోని గీతలు ఒక పలక నుంచి పక్క పలకలోకి నడిచినట్టు అమర్చాలి, రెండు రంగుల పలకలు పక్కపక్కన పడకూడదు. మీరు బొమ్మకు దుంగ ఎంచుకునేటప్పుడు చేసేదీ ఇదే. చెక్కడం ఉన్న బల్లలో కాస్త సందు వదిలినా పువ్వు కప్పేస్తుంది. ఇక్కడ కప్పడానికి ఏమీ లేదు, కుసి దగ్గర కాగితం దూరే సందు ఉన్నా గుమ్మంలోంచే కనిపిస్తుంది.

తర్వాత అంచు. అంగుళం మందం టాప్ కింది అంచును లోపలికి ఏటవాలుగా చిత్రిక పట్టి, బయటికి కనిపించే అంచు అర అంగుళమే ఉంచండి. బలం పోదు, బల్ల మాత్రం రేకులా తేలిగ్గా కనిపిస్తుంది. ఫొటోల్లో అందరూ మెచ్చుకునే పలుచదనం చాలావరకు ఇదే. పై అంచును మిషన్ మీద గుండ్రం చేయకండి. చేత్తో, వేలికి తగిలీ తగలనంతగా దాని మొన అరగదీయండి. ముంజేయి రోజూ ఆనేది అక్కడే.

మీకు కొత్తగా కావాల్సింది ఆరిన చెక్క. తేమ కొలిచే మీటరు ఒకటి కొనండి. 10, 12 శాతానికి పైన చూపిస్తే ఆ పలకను బల్లకు వాడొద్దు. బొమ్మ కాస్త కదిలినా నడుస్తుంది, బల్ల కదిలితే మూడు నెలల్లో ఫోన్ వస్తుంది.

కూలీ విషయంలో తగ్గొద్దు. "చెక్కడం లేదు కదా, సగానికి చెయ్యండి" అంటారు. చెక్క ఎంపికకు, ఆరబెట్టడానికి, కుసులు కూర్చడానికి, చేతి చిత్రికకు ఎన్ని రోజులు పడతాయో ముందే కాగితం మీద రాసి చూపించండి. విడిగా ఒక కుసి జాయింటు చేసి, మధ్యకి కోసి, లోపల ఎలా కూర్చుందో కనిపించేలా కొట్లో పెట్టుకోండి. బేరం ఆడేవాళ్ల చేతికి మాట్లాడకుండా ముందు అది ఇవ్వండి.

బల్లకు దిగేముందు స్టూలు ఒకటి చేయండి. ఫిన్లాండ్‌కు చెందిన ఆల్వార్ ఆల్టో 1933లో చేసిన మూడుకాళ్ల స్టూల్లో కాలు పై చివరను బారుగా చీల్చి, ఆ చీలికల్లో పలుచటి చెక్క పొరలు జిగురుతో దూర్చి వంచాడు. మీరు అంత దూరం వెళ్లక్కర్లేదు, మామూలు కుసులతో నాలుగు కాళ్ల స్టూలు చాలు. వాన నెలల్లో ఒకసారి, మేలో ఒకసారి దాని కుసుల్ని పట్టి చూడండి. రెండుసార్లూ బిగువు తగ్గకపోతే ఆర్డరు ఒప్పుకోండి. మొదటి బల్లకు కొలతల దగ్గర ఏదైనా అనుమానం వస్తే పత్రిక చిరునామాకే రాయండి, కాగితం మీద గీసి పంపిస్తాను.